క్రోటన్ మొక్క అడిగిన అనుమతి

ప్రిసిల్లాకు భయం ఎక్కువ. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసిన మనిషి, కంటికి కనపడనివాటిని నమ్మడం అలవాటు. ఎమిలీ పుట్టాక ఆ భయం పాలసీసాలు మరిగించడం దగ్గర మొదలై, పాప ఫోటోలు ఎవరు చూస్తున్నారో అన్నదాకా వచ్చింది. ఎవరో సబ్బులమ్ముకునేవాడు ఎమిలీ నవ్వును తన ప్రకటనలో పెట్టుకున్నాడు. అది చూసిన రోజే ప్రిసిల్లా ఉన్న అకౌంట్లన్నీ మూసేసింది. చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లోంచి కూడా బయటికి వచ్చేసింది.

దాంతో కాప్రాలో ఉండే అత్తగారు స్వర్ణలతకు మనవరాలు కనపడ్డం మానేసింది. టీచరుగా రిటైరైన ఆవిడకు పొద్దున కాఫీతోపాటు ఎమిలీ ఫోటో ఉండాలి. ఆవిడకొక్కదానికే పంపుదామంటే, మందిరం గ్రూపు మొత్తానికి పంపకుండా ఊరుకోదు.

చివరికి ప్రిసిల్లాకు ఫేస్‌బుక్ లాంటిదే మాస్టొడాన్ అనే ఇంకోటి దొరికింది. మనం అనుమతించినవాళ్లకే కనపడేలా అందులో ఫోటో పెట్టొచ్చు. ఆ ఫోటోను ఇంకొకరికి పంచే బటన్ పనిచేయదు.

"ఇది ఒకే కంపెనీది కాదత్తయ్యా. చిన్నచిన్న సర్వర్లుంటాయి, ఒక్కోటీ ఒక్కొక్కరు నడుపుతారు. మనం ఎందులో చేరినా ఒకరినొకరం చూసుకోవచ్చు."

"మన సంఘాల్లాగన్నమాట. మరి మీదానికి పాస్టరెవరు?"

"మెట్టుగూడలో మా పైవాటా జకర్యా గారు."

"ఆయన పాటలో రెండో చరణానికే శ్రుతి తప్పుతాడు. నేను చేరను."

అని ఊరుకోలేదు, కాప్రాలోనే సింధూర అనే అమ్మాయి మొక్కల ప్రియుల కోసం నడిపే సర్వర్ వెతుక్కుంది. ప్రిసిల్లా ఫోన్‌లో జాగ్రత్తలన్నీ చెప్పింది. సొంత పేరు వద్దు, ముఖం వద్దు, ఊరు రాయొద్దు, అడక్కుండా ఎవరూ ఫాలో కాకుండా తాళం వేసుకోండి.

"సరేలేమ్మా," అంది అత్తగారు.

ఆ వారంలోనే ప్రిసిల్లాకు ఒక ఫాలో అభ్యర్థన వచ్చింది. పేరు క్రోటన్. ముఖం లేదు, ఊరు లేదు, ఎర్రమచ్చల ఆకొకటి ఉందంతే. కాదని తిప్పికొట్టింది. మళ్లీ వచ్చింది.

"ఎవడో వదలట్లేదు," అని భర్త జెరెమియాకు చెప్పి, ఈసారి ఏకంగా బ్లాక్ చేసేసింది. అత్తగారు పంతం కొద్దీ ఇంకా చేరలేదనే అనుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక కాప్రాలో భోజనం. స్వర్ణలత అందరికీ కూర వడ్డించి, కోడలి కంచం దగ్గర గరిటె ఆపింది.

"జెరీ, మీ ఆవిడ అనుమతి తీసుకోరా. అడక్కుండా వేస్తే నన్ను బ్లాక్ చేస్తుంది."

ప్రిసిల్లా చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. వరండాలో వరసగా క్రోటన్ కుండీలు.

"అయ్యో అత్తయ్యా! ఆ ఆకు మీరా? ఒక్క మాట ఫోన్లో చెప్పొచ్చుగా!"

"పేరు వద్దన్నావు, ముఖం వద్దన్నావు. చెప్పినట్టు చేస్తే గడప బయట నిలబెట్టావు. నేనెందుకు చెప్పాలి?"

జెరెమియాకు నవ్వుతో పొలమారింది. ప్రిసిల్లా ఎడంచేత్తోనే ఫోన్ తీసి బ్లాక్ ఎత్తేసింది. స్వర్ణలత మూతి ముడుచుకునే మళ్లీ అభ్యర్థన పంపింది. ఈసారి తలుపు తెరుచుకుంది.

"పాత ఫోటోలు మీ సర్వర్‌కి రావత్తయ్యా. కొత్తది తీస్తానుండండి."

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఎమిలీ కుండీ పట్టుకుని తప్పటడుగులు వేస్తోంది. ఆ ఫోటో మెట్టుగూడ సర్వర్‌లోంచి బయల్దేరి, అదే వరండాలో కూర్చున్న నానమ్మ ఫోన్లో వాలింది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఇప్పుడు నన్నూ ఒప్పుకోండి మరి," అని ప్రిసిల్లా తిరిగి అభ్యర్థన పంపింది.

స్వర్ణలత కళ్లజోడు సవరించుకుని చూసింది. "దీనికీ ముఖం లేదు, ఊరు లేదు. విచారించాలి," అని ఫోన్ సంచిలో వేసేసుకుంది.

ఇంటికి వెళ్లే ఆటోలో ప్రిసిల్లాకు కోపం రాలేదు. తనంత భయస్తురాలు ఇంట్లో ఇంకొకరున్నారంటే గుండె తేలికైంది. మెట్టుగూడ మలుపు దగ్గర ఫోన్ మోగింది. అత్తగారు తలుపు తీశారు, ఫోటో కింద ఒక మాట కూడా రాశారు.

"నేల చల్లగా ఉంది. పాపకు సాక్సులేవి?"