తాలు కుప్ప

నాకు ముక్కు మీద కోపం. ఆ కోపంలో అన్న ఒక్క మాటకి పదిహేను రోజులు తిండి మీద ధ్యాస లేకుండా తిరిగాను.

గుంటూరులో మా ఇంటి ముందుగదిలో నెలకు రెండు ఆదివారాలు ఐదుగురం కూర్చుని ఆడతాం. ఒకడు కథ నడుపుతాడు. మిగతా నలుగురం తలా ఒక పాత్ర అవుతాం. గెలుపోటములు పాచిక చెబుతుంది. బల్ల మీద మా పాత్రలు బొటనవేలంత బొమ్మలు, వాటి చుట్టూ చిన్న చిన్న గోడలు, బురుజులు. అవన్నీ కంప్యూటర్లో గీసి, ప్రింటు తీసి, రంగులేసేది నేనే. ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర పోసే ప్రింటరు నాది. ఎప్పుడూ అవే బురుజులు చేసీ చేసీ విసుగొచ్చి, ఈసారి కథ మిర్చి కల్లంలో జరగాలన్నాను.

కథ నడిపేవాడు నా కాలేజీ స్నేహితుడు. పగలబడి నవ్వాడు.

"కాయలారబోసే చోట యుద్ధమేంటే? ఘాటుకి తుమ్మలేక చస్తారు అందరూ."

నాకు ఒళ్లు మండింది. "మనలో బురుజెక్కినోళ్లెవరు? కల్లం తొక్కనోళ్లెవరు?" అన్నాను.

"కాకి పిల్ల కాకికి ముద్దు. సరే, వచ్చే ఆటకి చేసి చూపించు. కాలేదంటే కోటే పెడదాం. మళ్లీ కల్లం ఊసెత్తకూడదు."

మా అమ్మ ఇరవయ్యేళ్లు దర్శి వైపు కల్లాల్లో కాయలు ఏరింది. ఆమె వంగి పనిచేసిన నేల మా బల్ల మీదికి ఒక్కసారైనా రావాలి. నా పట్టుదలంతా అందుకే. ఆ మాట వాడితో చెప్పలేదు.

మొదటి కుప్ప పకోడీలా వచ్చింది. రెండోదానికి కాయల కొసలన్నీ విరిగిపోయాయి. మూడోది సగంలో ఉండగా కరెంటు పోయింది. ఒకటైతే ప్రింటరు పలక మీద నుంచి ఊడిపోయి సేమ్యా ఉండ అయింది. పాడైనవాటిని బిస్కెట్ డబ్బాలో పడేసి, కాయల్ని కాస్త లావుగా గీసి, పడుకోబెట్టి, మళ్లీ మొదలుపెట్టేదాన్ని. తొమ్మిదోసారి కుప్ప కుప్పలా వచ్చింది. ఎర్రరంగు వేశాను. కాయల కింద పరిచే పట్టాలు, తలగుడ్డలు చుట్టుకుని వంగిన ఆడవాళ్లు, కుట్టి పేర్చిన టిక్కీలు, అన్నీ అమిరాయి. మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటారు.

ఆటకి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, తెచ్చి అమ్మ ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ఒక బొమ్మని తీసి చూసింది.

"నడుం బాగానే వంచావు," అంది. తర్వాత కుప్పలన్నీ చూసి, "తాలేదే?" అంది.

తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. వాటిని ఏరి వేరే కుప్ప పోయడమే ఇరవయ్యేళ్లు అమ్మ చేసిన పని. నేను మర్చిపోయింది సరిగ్గా దాన్నే.

"అన్నీ ఎర్రకాయలే అయితే ఇంక నేనెందుకే అక్కడ?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో కుప్ప ప్రింటు తీయాలంటే రోజంతా పడుతుంది, తెల్లారితే ఆట. అమ్మ బిస్కెట్ డబ్బా వైపు చూసింది.

"అందులో ఏంటి?"

"పాడైపోయినవి."

"తాలేగా మరి!"

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. విరిగిన కొసలు, సేమ్యా ముక్కలు నేను కత్తిరిస్తుంటే అమ్మ ఏరింది. పెద్దవి ఒక పక్కకి, సన్నవి ఒక పక్కకి, చూడకుండానే ఆమె వేళ్లు విడదీస్తున్నాయి. ఎండుగడ్డి రంగు వేసి కుప్ప అతికించాం. అచ్చం తాలే. అప్పుడు అమ్మ నా బొమ్మల పెట్టె వెతికి, గోరంత పసిపాప బొమ్మని తీసి, ఆ కుప్ప చాటున పెట్టింది.

"పిల్లల్ని పనిలోకి తేవద్దనేవాడు మేస్త్రీ. తాలు వైపు మాత్రం తిరిగి చూసేవాడు కాదు. నిన్ను అక్కడే పడుకోబెట్టేదాన్ని."

ఇన్నేళ్లలో ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. రంగు తడి ఆరలేదు, మీద పడతావ్, జరుగు అని కసిరింది.

ఆదివారం కోట సంచిలోంచి బయటికి రానేలేదు. నా స్నేహితుడు కల్లం చుట్టూ రెండుసార్లు తిరిగి, కథ మొదలుపెట్టాడు. శత్రువులు టిక్కీల వెనక నుంచి వచ్చారు. సగం ఆటలో వాడి చెయ్యి తాలు కుప్ప వెనక్కి వెళ్లింది.

"ఇదెవరు? గూఢచారా?"

"దాన్ని కదపకు," అన్నాను. "వాళ్లమ్మ పనిలో ఉంది. పొద్దుగూకాక వచ్చి ఎత్తుకుంటుంది."