ఓబన్న లేని తాళి

బయమ్మ చేతులు చూసినవాళ్ళు ఆమె ఇంట్లో నీళ్ళు తాగడానికి వెనకాడతారు. గోళ్ళు నల్లబడి, చర్మం పొలుసులు లేచి ఉంటుంది. అది రోగం కాదు. బంగారం చేసిన పని.

ఆమె మొగుడు ఓబన్న మా ఊరి బంగారు గనిలో రాయి కొట్టేవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి పోయాడు. తర్వాత గనీ మూతపడింది. కంపెనీవాళ్ళు యంత్రాలు విప్పుకొనిపోయి, సారం తీసిన మట్టిగుట్టలను మాకు వదిలారు. వేరుశనగ ఎండిన ఏళ్ళలో బయమ్మ ఆ మట్టినే కడిగేది. బంగారు రవ్వలు అంటుకోడానికి పాదరసం పోసి, ఒట్టి చేతులతో పిసికి, గుడ్డలో పిండి, పొయ్యి మీద కాల్చేది. దొరికిందంతా ఇంటికే ఖర్చయింది. జొన్నగింజంత పూస ఒక్కటి మాత్రం కొంగున ముడేసి దాచింది. మా ఇళ్ళల్లో పెద్దల బంగారం రవ్వంతైనా కలిపి పెళ్ళికూతురి తాళి చేయిస్తారు. మనవరాలు ప్రసూన తాళిలో ఓబన్న ఉండాలని బయమ్మ పట్టు.

ప్రసూన అనంతపురంలో పెద్ద కొట్టు ఎంచుకుంది. ఎవరి కన్నీరూ అంటని బంగారమట, గోడ మీద అంత పొడుగున రాసుకున్నారు. పక్కింటి మనిషినని బయమ్మతో నేనూ వెంట పోయాను. మేనేజరు విష్ణువర్ధన్ కూల్‌డ్రింకులు ఇప్పించి, పూస ఎక్కడిదని అడిగాడు. తన అమ్మ ముక్కుపుడక అని బయమ్మ అంటే సరిపోయేది. అబద్ధమాడటం నామోషీ అనుకునే మనిషి, ఉన్నదంతా చెప్పేసింది. అతను పూసను బల్ల మీద పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు.

"ఇట్లాంటి బంగారం మేం ముట్టుకోమమ్మా. మనుషుల ప్రాణాలు తీసే పని అది."

"తీసిందిలేప్పా, నాకు తెలుసు. మీది యాడిది?"

విదేశాలదనీ, అంతా శుద్ధమనీ, దానికి కార్డు కూడా ఇస్తామనీ చెప్పాడు.

"ఆడి గనుల్లో మొగోళ్ళకు దగ్గు రాదా?"

అతను నవ్వి, కార్డు నమూనా ఒకటి బల్ల మీద పెట్టాడు. ప్రసూనే మాట అందుకుంది.

"పోనీలే అవ్వా. కార్డుంటే అత్తగారోళ్ళకు చూపించుకోవచ్చు."

ఆ పిల్ల చదివింది మట్టి కడిగిన దుడ్లతోనే. మన ఊరి కంసాలి ఆచారి చేత చేయిద్దామని నేనంటే ముఖం తిప్పుకుంది. బయమ్మ పూస తీసుకొని మళ్ళీ ముడేసుకుంది.

పెళ్ళిలో తాళి పళ్ళెం పెద్దల ముందు తిప్పుతారు, ముట్టుకొని దీవించమని. మొగుడు పోయినదాని ముందుకు రానివ్వరు. ప్రసూనకు ఏం గుచ్చుకుందో, పళ్ళెం పట్టిన ఆడబిడ్డను అవ్వ దగ్గరికే పంపింది. బయమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"ఈ చేతులకు ఆ మట్టి ఇంకా పోలేదు. మీ బంగారం మైలపడతాది, తీసకపో తల్లీ."

పళ్ళెం వెనక్కి పోయింది. తాళి కట్టేటప్పుడు అక్షింతలు మాత్రం అందరికన్నా గట్టిగా విసిరింది.