బీరయ్య పెట్టిన బలం

గౌలిపుర గల్లీల్లో ఏ బర్రె మేత మానినా ముందు బీరయ్యకే కబురు. అతని చేతిలో పశువు చావదని పేరు. ఆ పేరే ఒక మూగ ప్రాణాన్ని మింగడానికి కాచుకుని ఉందని ఎవరనుకున్నారు!

పక్కింటి షఫీఉద్దీన్ అత్తర్ల వ్యాపారి. కూతురు నౌరీన్ పురిటికని భార్యతో మూడు నెలలు జెద్దా వెళ్తూ, కాయితాలన్నీ చేయించుకుని ముద్దుగా పెంచుకుంటున్న ఆఫ్రికా కొండచిలువ రాణిని అద్దాల పెట్టెతో సహా బీరయ్యకు అప్పగించాడు.

"పది రోజులకొక ఎలుక, బీరయ్యన్నా. చచ్చినవి ఫ్రిజ్‌ల గడ్డగట్టిచ్చి వెట్టిన. గోరువెచ్చటి నీళ్లల్ల ఏసి, మెత్తవడ్డంక పెట్టు. గంతే. వేరే ఏం వద్దు."

"నువ్వు ఫికర్ జెయ్యకు భాయ్."

ఫికర్ చేయాల్సింది అక్కడే. గంపలకొద్దీ మేత వేసిన చేతికి పది రోజులకొక ఎలుక ఏం ఆనుతుంది? రాణి చుట్ట చుట్టుకుని రోజంతా కదలకపోతే నీరసమనుకున్నాడు. నిక్షేపంగా ఉన్న పాము కూడా అట్లాగే పడుంటుందని అతనికేం తెలుసు? పశువన్నాక లేవాలి, నెమరెయ్యాలి, అరవాలి. దీని దుంప తెగ, ఇదేం జీవి! కొట్టంలో పాడి బర్రెకు తాగించే కాల్షియం టానిక్కు తెచ్చి, సూదితో చచ్చిన ఎలుక పొట్టలోకి ఎక్కించాడు.

"భాయ్ ఏం వద్దన్నడు గదనయ్యా," అంది భార్య సత్తెమ్మ.

"బలానికి వద్దంటరా ఎవలన్న?"

రాణి మింగేసింది. బీరయ్య మురిసిపోయాడు. పది రోజులు ఐదయ్యాయి, మందు రెట్టింపయింది. రెండో నెలలో ఎలుకను చూపిస్తే రాణి తల తిప్పేసుకుంది. బలం ఇంకా చాల్లేదనుకుని నీళ్ల గిన్నెలోనూ కలిపాడు. రాను రాను దాని ఒళ్లు బిగుసుకుపోయి, చుట్ట కూడా సరిగ్గా చుట్టుకోలేకపోయింది. సత్తెమ్మ రాణి ఉన్న గది గడప తొక్కడం మానేసింది. షఫీఉద్దీన్ ఫోన్ చేసినప్పుడల్లా బీరయ్య "మస్తుగుంది భాయ్" అనేవాడు.

చివరికి భయం పట్టలేక, రాణిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టర్ హరిచందన దగ్గరికి పరుగెత్తాడు. ఆమె ఎక్స్‌రే తీసి చూసింది.

"ఏం పెట్టినవ్ బాపూ?"

సీసా చూపించాడు.

"ఎలుకను ఎముకలతోని మింగుతది గద, దానికి కావల్సిన కాల్షియం అండ్లనే ఉంటది. ఇది బర్రెల మందు, డి విటమిన్ గూడ ఉంది. పెట్టంగ పెట్టంగ కిడ్నీలు, రక్తనాళాలు సున్నం గట్టినట్టు గట్టివడ్డయి. నాల్గు రోజులు బతికితే ఎక్కువ."

ఇంటికొచ్చి అద్దాల పెట్టె ముందు కూలబడ్డాడు. లోపల రాణి కర్రలా చాపుకుని ఉంది. అప్పుడే ఫోన్ మోగింది.

"మనుమరాలు పుట్టిందన్నా!" షఫీఉద్దీన్ గొంతు నిండా నవ్వు. "మన రాణి ఎట్లుంది? దాన్ని ఆకలికి మాడుస్తలేవు గద?"

బీరయ్య పెట్టె అద్దానికి చెయ్యి ఆనించాడు.

"ఒక్కపూట మాడ్చలే భాయ్," అన్నాడు. "తినవెట్టి తినవెట్టే సంపుతున్న."