మణెమ్మది కాని గొంతు

మణెమ్మ పోయిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె టీవీలో మాట్లాడింది.

బోరబండలో తన కిరాయి గది గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది కుర్మమ్మ. పక్క గదివాళ్ళు కొత్త సినిమా పెట్టుకున్నారు. "అత్తా, జర ఇటు రా. గీ సినిమాల నువ్వున్నవ్" అని వాళ్ళ కోడలు కేకేసింది. కుర్మమ్మ లేచి వెళ్ళేసరికి ఆ ముక్క అయిపోయింది. ఆ పిల్ల ఫోన్లో వెతికి మళ్ళీ చూపించింది.

ఫిల్మ్‌నగర్ ఎత్తు రోడ్డు. సన్నటి వాన. హీరో కారు మలుపు తిరుగుతోంది. డివైడర్ మీద ఇద్దరు ఆడవాళ్ళు మొక్కలు నాటుతున్నారు. నెత్తిన యూరియా సంచి మడిచి కప్పుకున్నది కుర్మమ్మ, గడ్డపార పట్టుకున్నది మణెమ్మ. మణెమ్మ నడుము ఎత్తి, కారు వంక చూసి, "ఎవరమ్మా ఆ అబ్బాయి? భలే ఉన్నాడు" అంది. పక్కన కుర్మమ్మ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

పెదవులు మణెమ్మవే. గొంతు మాత్రం ఎవరిదో. కోస్తావాళ్ళ తీరు మాట, తేనె పూసినట్టున్న గొంతు. కుర్మమ్మ ఫోను తిరిగి ఇచ్చేసి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇద్దరిదీ పాలమూరు జిల్లా, చెరో పల్లె. కలిసింది మాత్రం బోరబండ కూలీల అడ్డా మీద. వానాకాలం రాగానే కాంట్రాక్టరు మనిషి క్రాంతికుమార్ ఆటో ట్రాలీ తెచ్చి, జూబ్లీహిల్స్‌లో మొక్కలు నాటడానికి వాళ్ళని ఎక్కించుకుపోయేవాడు. వానలు వెనకబడితే పనీ ఆగేది. మళ్ళీ ఇసుక, ఇటుకలు.

ఆ గుట్టల మీద పైన జానెడు మట్టి, కింద అంతా రాయి. గడ్డపార దెబ్బకు మోచేతుల దాకా జివ్వుమనేది. అన్ని బంగళాలున్నా ఆడమనిషి ఒంటికి పోవడానికి చోటు దొరికేది కాదు. అందుకని పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోవడమే తప్ప నీళ్ళు తాగేవాళ్ళు కారు. అయినా ఇద్దరికీ ఆ పనే ఇష్టం. వాన జోరందుకుంటే ఒకే సంచి కింద ఒదిగి కూర్చుని, జొన్నరొట్టెలో ఎల్లిపాయ కారం పెట్టుకుని తినేవాళ్ళు. నిరుడు నాటిన కానుగ చిగురేసి కనబడితే, ఆగి ఆ ఆకును ఒకసారి తాకి మరీ కదిలేవాళ్ళు.

మణెమ్మ ఉన్న ఆఖరి వానాకాలంలో ఒకరోజు షూటింగువాళ్ళు వచ్చి "మీ పని మీరు చేసుకోండి, కెమెరా వైపు చూడొద్దు" అన్నారు. అయ్యాక సమోసాలు పెట్టారు. దసరాకు ముందు మణెమ్మకు జ్వరం పట్టుకుంది. తడిబట్టలతోనే కొన్నాళ్ళు పనిలోకి వచ్చింది. ఒకరోజు రాలేదు. ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు.

మళ్ళీ వానలు పడ్డాయి, మళ్ళీ ట్రాలీ వచ్చింది. కుర్మమ్మకు జోడీగా అంజమ్మ అనే కొత్త మనిషిని ఇచ్చారు. మొదటి గుంత దగ్గర కుర్మమ్మ వంగగానే వెనకనుంచి ఎవరో "ఎవరమ్మా" అన్నట్టయింది. తిరిగి చూస్తే అంజమ్మ దూరంగా నీళ్ళ ట్యాంకరు దగ్గరుంది. రోజూ ఇదే వరస. దెయ్యమైనా ఫికర్ లేదు, మణెమ్మేగా. కానీ ఆ గొంతు మణెమ్మది కాదు. అసలు గొంతును గుర్తు చేసుకుందామని చూస్తే ఈ కొత్త గొంతే అడ్డం వస్తోంది.

ఒకనాడు ఒక ఇంటి గేటు ముందు నాటుతుంటే ఆ ఇంటావిడ పుష్పవల్లి మజ్జిగ తెచ్చింది. ఒకప్పుడు సినిమాల్లో డబ్బింగ్ చెప్పిన మనిషి. ఆ సినిమా గొంతులాంటి ఆవిడ మాట వింటూనే కుర్మమ్మ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. సంగతి చెప్పి, "గా గొంతు మీదేనా అమ్మగారూ?" అని అడిగింది.

"కాదమ్మా, నేను మానేసి చాలా ఏళ్ళయింది. షూటింగులో మీరు మాట్లాడింది ఏదీ ఉంచరు. తర్వాత స్టూడియోలో ఎవరో ఒకరు చెప్పేస్తారు."

"మరి ఆమె నిజంగ అన్న మాట?"

"అది నీకే తెలియాలి. నవ్వింది నువ్వేగా."

కుర్మమ్మకు తెలియదు. ఎంత తవ్వినా ఆ మాట దొరకలేదు.

పని లేని ఒక పూట మణెమ్మ ఇంటికి వెళ్ళింది. కూతురు స్ఫూర్తి, ఏడెనిమిదేళ్ళది, మంచం మీద బోర్లా పడుకుని నాయన ఫోన్లో అదే ముక్క చూస్తోంది. అయిపోగానే మళ్ళీ మొదటికి.

"పెద్దమ్మా, అమ్మ ఎంత మంచిగ మాట్లాడేదో గద" అంది.

కుర్మమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. "మీ అమ్మ గట్ల మాట్లాడేది కాదు బిడ్డా" అంది.

"మరెట్ల మాట్లాడేది?"

కుర్మమ్మ కళ్ళు మూసుకుంది. "స్ఫూర్తీ, నల్లా వచ్చింది, లే" అంది. తన గొంతే వచ్చింది. మళ్ళీ అంది. ఈసారి ఆ తేనె గొంతు వచ్చింది. మూడోసారి పొట్టలోంచి, బొంగురుగా, చివర సాగదీస్తూ వచ్చింది. "లే పిల్లా, నల్లా పోతది. బడికి యాళ్ళయితున్నది."

స్ఫూర్తి ఫోను దుప్పటి కిందికి తోసేసింది.

"ఇంకేమనేది?"

కుర్మమ్మ చెప్పుకుంటూ పోయింది. మణెమ్మ తిట్లు, మొక్కలతో చెప్పే కబుర్లు, దేవుడితో పెట్టుకునే తగాదాలు. చీకటి పడేదాకా ఆ పిల్ల కదల్లేదు.

ఆ రోజు నుంచి వెనక గొంతు వినబడడం మానింది. కానీ కుర్మమ్మ గొంతు కొంచెం బొంగురుపోయింది, మాట చివర సాగుతోంది. గుంత దగ్గర వంగినప్పుడల్లా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. అంజమ్మ గడ్డపార ఆపి అడిగింది ఒకసారి.

"ఎవలతోని మాట్లాడుతున్నవక్కా?"

"నేనేడ మాట్లాడుతున్న?" అంది కుర్మమ్మ. ఆ మాట అచ్చం మణెమ్మ గొంతులా వినబడి, ఎవరన్నారా అని వెనక్కి తిరిగి చూసింది.