గుర్రు మిషన్‌కు సోలార్

సోలార్ పలకలు అమ్మేవాళ్ళు "జీవితకాలం నిశ్చింత మేడమ్" అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి జీవితకాలం అని అడగాలనిపిస్తుంది. ఉద్యమం రోజుల్లో, మన్సూరాబాద్‌లో మా ఇంటి డాబా మీదికి రెండు పలకలు ఎక్కించడానికి నేను పడ్డ తిప్పలూ, ఎక్కించాక పడ్డ తిప్పలూ పగవాళ్ళకు కూడా వద్దు.

అప్పుడు ఇంట్లో ముగ్గురం. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో లెక్కలు చూసేవాడు. నేను అక్కడికి రెండు సందుల అవతల ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పనిచేసేదాన్ని. మూడో మనిషి మా అత్తమ్మ. పోచంపల్లి పక్క ఊళ్ళో పెళ్ళయిన నాటి నుంచి మగ్గం పని చేసి, మామ పోయాక మా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఉబ్బసం. దమ్ము అనేది ఆమె. దమ్ము లేస్తే మాట పడిపోయి, మెడ నరాలు తేలి, మంచం పట్టెను గట్టిగా పట్టుకుని కూర్చునేది. చూడలేకపోయేవాళ్ళం.

డాక్టరు చెబితే నెబ్యులైజర్ కొన్నాం. చిన్న డబ్బా. కరెంటుకు పెడితే గుర్రుమంటూ మందును ఆవిరి చేసి మాస్కులోకి పంపుతుంది. అత్తమ్మ దానికి గుర్రు మిషన్ అని పేరు పెట్టింది. నోట్లోకి కొట్టుకునే పంపు ఆమెకు చేతకాలేదు, మందంతా బయటికే పోయేది. కాబట్టి ఆమె ఊపిరంతా ఆ డబ్బా మీదే. డబ్బా ఏమో కరెంటు మీద. కరెంటు ఎవరి మీద ఆధారపడిందో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు గనులు బందయ్యాయి, బస్సులు బందయ్యాయి, కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు పోయేది. నేను విసుక్కుంటే అత్తమ్మకు కోపం. "పోనియ్యవే! మనోళ్ళు బొగ్గు బంద్ వెట్టిన్రు. ఢిల్లీ దాక తెలువాలె గద!" అనేది. తన ఊపిరి ఆగేది కూడా ఆ బొగ్గు బందుతోనే అని చెబితే చెవిన వేసుకునేది కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు పెడితే, వద్దన్నా వినకుండా పొయ్యి ముందు కూర్చుని పొగ మింగి వచ్చింది.

ఆ మర్నాడే దమ్ము లేచింది. కరెంటు లేదు. ఆటోలు లేవు. మా ఆయన బండి తీశాడు, మధ్యలో ఆమె, వెనక ఆమెను పట్టుకుని నేను. మలక్‌పేట దవాఖానకు బయల్దేరాం. దిల్‌సుఖ్‌నగర్ దాటేలోపు రోడ్డు మీద రాళ్ళు, కాలుతున్న టైర్లు. రోడ్డు ఆపిన ఉద్యమం పిల్లలు ఆమె ముఖం చూసి గబగబా రాళ్ళు జరిపి దారి ఇచ్చారు. అప్పుడు ఈవిడ ఏం చేసిందనుకున్నారు? ఊపిరి అందక నోరు తెరిచిన మనిషి పిడికిలెత్తింది. జై తెలంగాణ అందామనుకుంది, గొంతు రాలేదు. పిల్లలు ఆమె బదులు అన్నారు. ఆ చెయ్యి పట్టి కిందికి గుంజాలన్నంత కోపం వచ్చింది నాకు.

దవాఖానలో డాక్టరమ్మ నన్నే తిట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంది. తిరిగి వచ్చేటప్పుడే అనుకున్నాను, బయట ఏది బందైనా సరే, మా ఇంట్లో ఆ డబ్బా నడవాలని.

సమ్మె ముగిశాక దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఒకతను సోలార్ కాగితాలు పంచుతూ కనిపించాడు. నేనే అడిగి తీసుకున్నాను. రెండు పలకలు, ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టర్. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. కాగితం మీద అమ్మా నాన్నా పిల్లలూ ఫ్యాను కింద పళ్ళికిలిస్తున్నారు. ఆదివారం అతను ఇంటికే వచ్చాడు. కోస్తా వైపు అబ్బాయి, మర్యాదస్తుడు, మాటకు ముందు అండీ, వెనక అండీ. డాబా ఎక్కి, ఎండ వైపు చూసి, "భలే ఎండండీ మీది" అని మెచ్చుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. కిందికి దిగి చాయ్ తాగుతూ నోరు జారాడు.

"రేపు రాష్ట్రం విడిపోయిందనుకోండి, మీకు కరెంటు కష్టమేనండి. అంతా చీకటేనంటున్నారు. మీ మంచికోసమే చెప్తున్నానండి, ఇప్పుడే పెట్టించేసుకోండి."

అత్తమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఏమన్నవ్ కొడుకా? మాకు కరెంటు ఉండదా? బొగ్గు మాది గాదా? మా రాష్ట్రం మాకొచ్చినంక ఒక్క దినం కరెంటు పోతే అప్పుడు రా. నీ పలకలు నేనే కొంట. ఇయ్యాల మాత్రం చాయ్ తాగి పో!"

అతను పోయాడు. ఇక ఆమె నా మీద పడింది. గీ పలకలు కొన్నమంటే మన రాష్ట్రం మీద మనకే నమ్మకం లేనట్టు గాదా అని. మా ఆయన తల గోక్కుంటూ, "అమ్మ చెప్పింది గూడ నిజమే గదా. రాష్ట్రమొస్తే ఇదంత దండగైతది. రాకపోతే అప్పుడు సూద్దాం" అన్నాడు.

"రాష్ట్రం ఒచ్చేదాక మీ అమ్మ ఊపిరి వట్టుకొని కూసుంటదా?" అన్నాను.

ఆయన బండి తాళాలు తీసుకుని బయటికి పోయాడు. కాలనీలో ఎవరిని కదిలించినా అంతే. సోలార్ పనికొస్తుందా అని అడిగితే, రాష్ట్రం వస్తుందా రాదా అని చెప్పేవాళ్ళు. వస్తుందన్నవాళ్ళు కొనొద్దనేవాళ్ళు, రాదన్నవాళ్ళు కొనమనేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు కూడా! ఆ పలకలకు రాష్ట్రంతో ఏం పని? ఒక ముసలామె ఆవిరి పట్టుకోవడానికి ఈ డబ్బా నడుస్తుందా నడవదా అని నేనడిగితే, ఒక్కరంటే ఒక్కరు డబ్బా వైపు చూడలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి అతని ఆఫీసుకు నేనే వెళ్ళాను. ఎల్బీనగర్‌లో మేడ మీద చిన్న గది. ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాను. కాగితం మీదున్న ఇరవై అయిదేళ్ళ గ్యారంటీ దేనికి? పలకలకేనండి. బ్యాటరీకి? అది వేరేనండి. వేరే అంటే ఎంత? కాగితం అడుగున చీమలంత అక్షరాల్లో ఉంది, రెండేళ్ళు. మబ్బు పడితే? కొంచెం తగ్గుతుందండి. కొంచెమంటే? నీళ్ళు నమిలాడు. లైట్లూ ఫ్యాన్లూ టీవీ అన్నీ ఒకేసారి నడుస్తాయా, వంతుల వారీగా నడుస్తాయా? "మీ వాడకాన్ని బట్టి ఉంటుందండి" అన్నాడు. మా వాడకం గురించే కదా నాయనా నేనడిగేది!

"మా నెబ్యులైజర్ నడుస్తుందా?"

"రన్ అవుతుందండి. రన్ అవ్వకపోవడమేముంది!"

టిఫిన్ సంచీలోంచి గుర్రు మిషన్ తీసి అతని బల్ల మీద పెట్టాను. నడిపించమన్నాను. అక్కడ చూపించడానికి పెట్టిన ఫ్యాన్లూ లైట్లూ అన్నీ నడుస్తున్నాయి. ప్లగ్గు పెట్టాడు. డబ్బా ఒక్కసారి గుర్రుమంది, ఇన్వర్టర్ కీకీమని అరిచింది, గదిలో అన్నీ ఆగిపోయాయి. అతను ఏమాత్రం తడుముకోకుండా, "మీ మిషన్‌లోనే ఏదో ప్రాబ్లమ్ ఉందండి" అన్నాడు. నా ఓపిక అక్కడితో సరి. డబ్బా తీసి గోడకున్న మామూలు కరెంటులో పెట్టాను. హాయిగా గుర్రుమంది.

అప్పుడు దారికొచ్చాడు. ఫ్యాన్లు తీసేసి మళ్ళీ పెడితే నడిచింది. ఎంతసేపు నడుస్తుందో అతనికి తెలియదట. అమ్మేవాడికి తెలియదు! సరే, నేనే చూస్తానని మాస్కుకున్న చిన్న గిన్నెలో మందుకు బదులు నీళ్ళు పోసుకుంటూ అక్కడే కూర్చున్నాను. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నన్ను వింతగా చూశారు. పొద్దున పెట్టిన డబ్బా భోజనాల వేళ దాకా నడిచి ఆగింది.

నాకు లెక్క తేలింది. కాగితం మీదున్న సుఖాలన్నీ కలిపి చూస్తే ఈ బేరం శుద్ధ దండగ. అత్తమ్మ ఊపిరికి మాత్రమే అనుకుంటే బంగారం. ఒకటే షరతు, వేరే ఎవరూ దాని మీద చెయ్యి వేయకూడదు. నా చిట్టీ పాడుకుని కొన్నాను. బిగించడానికి మనుషులొచ్చిన రోజు అత్తమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

షరతు గురించి అందరికీ చెప్పాను. అందరూ తలూపారు. నేను స్కూలుకు వెళ్ళాక మా ఆయన ఆ బిగించేవాళ్ళ చేతే ఇంకో వైరు లాగించి టీవీకి కలిపించాడు. ఎండాకాలంలో కరెంటు కోతలు ముదిరాక నాకు సంగతి తెలిసింది. ఒకరోజు తొందరగా ఇంటికొస్తే, వీధంతా కరెంటు లేదు, మా ముందుగది మాత్రం సినిమా హాలులా ఉంది. కాలనీ ఆడవాళ్ళంతా కింద కూర్చున్నారు. మధ్యలో కుర్చీలో అత్తమ్మ. టీవీలో ఉద్యమం వార్తలు. నలుగురు నాయకులు ఒకేసారి అరుస్తుంటే, ఈమె వాళ్ళకు జవాబులు చెబుతోంది. "మా పలకలు మంచిగ పనిజేస్తున్నయి" అని పక్కావిడతో గొప్పలు కూడా. కొనేటప్పుడు పరువు పోయిందని ఏడ్చిన మనిషి!

ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది, బ్యాటరీ అడుగంటినట్టు.

ఆ రోజు అరిచాను, ఏడ్చాను. టీవీ స్విచ్చి మీద ప్లాస్టర్ అంటించాను. మర్నాటికి పీకేసి ఉంది. "అత్తమ్మా, దమ్మొస్తే ఏం జేస్తవ్?" అంటే ఆమె ఏమందో తెలుసా? "దమ్ము రేపొస్తదో ఎల్లుండొస్తదో. వార్తలు ఇయ్యాల్నే ఒస్తయి గదనే."

ఇలాగే రెండేళ్ళు గడిచాయి. గ్యారంటీ చెప్పినట్టే బ్యాటరీ నీరసించింది. అప్పుడొచ్చింది ఆ మధ్యాహ్నం, లోక్‌సభలో తెలంగాణ బిల్లు రోజు.

పొద్దుటి నుంచి ఆమె ఛాతీలో పిల్లికూతలు. నేను సెలవు పెట్టాను. మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. టీవీ మాత్రం సోలార్ మీద నడుస్తోంది, ఎర్ర లైటు అప్పుడే మొదలైంది. సభ లోపలి బొమ్మ రావడం లేదు, బయట నిలబడ్డవాళ్ళు గొంతు చించుకుంటున్నారు. అత్తమ్మకు దమ్ము లేచింది. నేను గుర్రు మిషన్ పెడితే ఇన్వర్టర్ కీకీమంది. రెండూ నడవవు. టీవీ వైపు చెయ్యి చాచాను.

"ఆగవే... జరంతసేపు..."

"అత్తమ్మా, పెదాలు నల్లవడుతున్నయి!"

"ఐపోయింది... ఇప్పుడే జెప్తరు... జర ఆగు..."

నా చీర కొంగు పట్టుకుంది. విడిపించుకుని టీవీ ప్లగ్గు పీకేశాను. మాస్కు ముఖానికి పెట్టాను. తీసేయబోతే రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. డబ్బా గుర్రుమంటోంది. ఆమె నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆ గుర్రు మధ్యనే బయట పటాకులు మోగాయి. ఎవరో వీధిలో పరుగెత్తుతూ "ఒచ్చిందీ! ఒచ్చిందీ!" అని అరిచారు. మాస్కు వెనక ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. ఊపిరి కుదుటపడేసరికి బ్యాటరీ ప్రాణం పోయింది.

సాయంత్రం కరెంటు వచ్చింది. టీవీ పెట్టి, "అవే సూపిస్తున్నరు, సూడు అత్తమ్మా" అన్నాను. గోడ వైపు తిరిగింది. "పాశిపోయినయి నాకెందుకు?" అంది.

తర్వాత రాష్ట్రమొచ్చింది. మెల్లగా కరెంటు పోవడం కూడా ఆగింది, ఆమె చెప్పినట్టే. బ్యాటరీని పాతసామాన్లవాడికి ఇచ్చేశాం. పలకల మీద ఆమె వడియాలు ఆరబెట్టేది. ఇంటికెవరొచ్చినా చెప్పేది, "అందరు తెలంగాణను టీవీల సూసిన్రు. నన్ను మా కోడలు సూడనియ్యలే."

ఎన్నిసార్లని వింటాను? ఒకరోజు చుట్టాల ముందే అరిచేశాను. "నేను గా ప్లగ్గు పీకకపోతే నీ పానం పోయేది, అత్తమ్మా!"

ఆమె వడియాల పళ్ళెం పక్కన పెట్టి, ఏ కోపమూ లేకుండా నా వైపు చూసింది. "ఎర్కే బిడ్డా. సూసి పోయేదాన్ని గద" అంది.

వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ కోపంతో ఏడ్చాను. ఎల్బీనగర్‌లో ఆ గదిలో కూర్చుని, అమ్మేవాణ్ణి అన్నీ అడిగాను. ఆమెను మాత్రం ఒక్క ముక్క అడగలేదు.