కృత్తివెన్ను తమ్ముడు

బందరు నుంచి బెజవాడ వెళ్లే పాసింజరులో, జలుబుతో వరసగా తుమ్ముతున్నాను. ఎదురుగా కూర్చున్న ముప్పై ఏళ్లాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"బాబాయ్ గారూ, ఏమనుకోకండి. కాస్త అటు తిరిగి కూర్చుంటారా?"

"జలుబుకే అంత భయమా?" అన్నాను చిరాగ్గా.

అతను గొంతు తగ్గించి చెప్పాడు. కృత్తివెన్నులో రొయ్యల చెరువుల దగ్గర పని. అక్కకు రక్త కేన్సరొస్తే ఇతని మూలకణాలే ఎక్కించారు. అవి ఒంట్లో కుదురుకుంటుండగానే ఏదో వైరస్ ఆమె మెదడుకు పాకింది.

"నన్నూ గుర్తుపట్టట్లేదండి. రెండు మందులు మార్చినా వైరస్ లొంగలేదు. దాంతో పోరాడ్డానికి నా తెల్లకణాలు తీసి ఎక్కిస్తారంట. రేప్పొద్దున్నే మద్రాసులో ఉండాలి. నాకు జొరం తగిలితే తీసుకోరండి."

"దాంతో తగ్గుతుందా?"

"తగ్గొచ్చు, ఎదురు తిరగనూవచ్చు అన్నారండి. ఇంక వేరే దారి లేదు."

నేను లేచి, పెట్టె చివర తలుపు దగ్గరికి వెళ్లిపోయాను.

గుడివాడలో క్రాసింగ్ కోసం బండి నలభై నిమిషాలు ఆగింది. అతను గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. దగ్గుతూ ఎక్కిన ఒకాయన అతని పక్కన కూర్చోబోతే, "అక్కడొద్దండీ!" అని అరిచాను. అందరూ నావైపు వింతగా చూశారు.

బెజవాడలో దిగేసరికి మద్రాసు బండి కదులుతోంది. అతను పరుగెత్తి చివరి పెట్టె పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి దేవుడి ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది, అతని అక్క పేరు అడగలేదని. కృత్తివెన్ను అమ్మాయి అనే దేవుడికి చెప్పుకున్నాను.