ఎడమ తలుపు పెద్దమ్మది

మా పెద్దమ్మ ఎలాంటి మనిషో చెప్పమంటే నేను ఫ్రిజ్ దగ్గర మొదలుపెడతాను. ఆవిడకు పిల్లల్లేరు. ఉన్నా వాళ్ళకి ఆ ఫ్రిజ్‌కి జరిగినంత సేవ జరిగేది కాదని పెదనాన్న నవ్వేవాడు, ఆవిడ వినకుండా.

పెదనాన్నా, నాన్నా ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో కాపురం చేసిన అన్నదమ్ములు. బీరువా అంత ఎత్తున, పక్కపక్కనే రెండు తలుపులతో ఉండే ఆ ఫ్రిజ్‌ని తెచ్చిన రోజు, అది పట్టక వంటింటి తలుపు ఊడదీయాల్సి వచ్చింది. ఎడమ తలుపు తెరిస్తే పైనుంచి కిందిదాకా గడ్డకట్టే అర. కుడి తలుపు తెరిస్తే పాలూ కూరగాయలూ పెట్టుకునే అర. ఎవరూ పంపకాలు చేయలేదు. కొన్నాళ్ళకే ఎడమ తలుపు పెద్దమ్మదీ, కుడి తలుపు అమ్మదీ అయిపోయాయి. ఒకరి తలుపు ఒకరు తెరవాలంటే మాట మాత్రం చెప్పి తెరిచేవారు.

పెద్దమ్మ ఇంట్లో కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. కుట్టు ఆగితే ఫ్రిజ్ పని. తలుపుల రబ్బర్లు గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడిచేది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి, లాగి చూసేది. కాగితం ఊరికే జారివచ్చిందంటే రబ్బరు పట్టు పోయిందని గోల. అడుగున పేరుకునే దుమ్మును పొడుగు బ్రష్షుతో దులిపేది. తలుపులు వాటంతటవే మూసుకోవాలని ముందు కాళ్ళను ఒక్క పిసరు ఎత్తుగా పెట్టించింది. ఇన్ని తెలిసిన మనిషికి ఒక్క బలహీనత, కూరడం. మాంసం, చేపలు, ఒలిచిన బఠానీలు, రొట్టెలు అన్నీ పొట్లాలు కట్టి ఎడమవైపు దూర్చేది. సూది దూరే సందు ఉండేది కాదు. ఊరుమీద కరువొచ్చినా మన వంటింటికి రాదని నాన్న ఆటపట్టించేవాడు.

అమ్మ బస్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేసేది. పగలంతా హారన్లు, చిల్లర కోసం అరుపులు. ఇల్లు చేరేసరికి తల పగిలిపోయేది. చెప్పులు విడవడం, మంచం మీద వాలడం, అంతే. అప్పుడు పెద్దమ్మ మిషన్ మీంచి లేచేది. కుట్టుపనిలో మిగిలిన మెత్తటి నూలు ముక్కలకు అంచులు కుట్టి, తడిపి, మడిచి, వెడల్పాటి స్టీలు డబ్బాలో పేర్చి గడ్డకట్టించేది ఆవిడ. ఆ గుడ్డ నుదుటి మీద వేసి, కాస్త కరిగాక మరొకటి మార్చేది. ఆ డబ్బాకు చేపల వాసన తగలకూడదని అన్నిటికంటే పై అరలో, వెనక గోడకు ఆనించి పెట్టేది. చల్లగాలి బాగా కొట్టేదీ అక్కడే, తొందరగా గడ్డకడుతుందని.

ఇద్దరూ తోడికోడళ్ళంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు.

కొన్నాళ్ళకి కుడివైపు చల్లదనం తగ్గడం మొదలైంది. పాలు విరిగేవి, ఆకుకూరలు వడిలిపోయేవి.

“అక్కా, నీ పక్క రాయిలా గడ్డ కడుతోంది. నా పక్కేమో పాలు పొద్దుటికి నిలవడం లేదు. ఇదేం చోద్యం?” అంది అమ్మ.

“తలుపు బార్లా తెరిచి, ఏం వండాలా అని అక్కడే నిలబడి ఆలోచిస్తావు కదా. చల్లదనం ఉండమంటే ఎక్కడుంటుంది?” అంది పెద్దమ్మ. నవ్వుతూనే అంది.

మెకానిక్‌ని పిలిచారు. అసలు తంటా అంతా ఇక్కడే వచ్చింది. మెకానిక్ వస్తున్నాడంటే మా ఇంట్లో ఫ్రిజ్‌ని ఖాళీ చేసి, కడిగి, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేసి చూపించేవారు. పరాయివాడి ముందు ఆ పొట్లాలు కనబడితే పెద్దమ్మకు తలకొట్టేసినట్టుండేది. అన్నీ తీసి పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో దాచేది. మెకానిక్ వచ్చేసరికి రెండు పక్కలా చక్కగా చల్లగా ఉండేది. అతను తలుపు రబ్బరు మార్చి, మీట కాస్త తిప్పి, బాగానే ఉందని వెళ్ళిపోయేవాడు. అతనటు వెళ్ళగానే పొట్లాలన్నీ మళ్ళీ ఎక్కడివక్కడే. పై అరలో వెనకాల డబ్బా కూడా. వారం తిరక్కుండా పాలు విరిగేవి. మళ్ళీ అతన్ని పిలవడం, మళ్ళీ అదే తంతు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. రోగికి నయం చేసి మరీ డాక్టరుకు చూపించేవాళ్ళం మేము.

అమ్మకు అనుమానం పట్టుకుంది. చల్లదనం హెచ్చుతగ్గులు చేసే మీటలు రెండూ కుడి తలుపు వెనకే ఉండేవి. ఒక సాయంత్రం కౌంటర్లో ఎవడితోనో గొడవపడి వచ్చింది. పాలగిన్నె తీసి చూస్తే విరిగి ఉంది.

“మెకానిక్ వస్తే బాగుంటుంది, పోతే చెడుతుంది. నేను డ్యూటీకి పోయాక నా తలుపు తెరిచి మీట తిప్పేది ఎవరు? ఇంట్లో ఉండేది ఎవరు?”

పెద్దమ్మ చేతిలో అప్పటికే అమ్మ నుదుటికని తీసిన చల్లగుడ్డ ఉంది. అది పట్టుకునే నిలబడింది. “నేనా? నీ పాలు విరగ్గొట్టి నేనేం బావుకుంటాను?” అంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. “అంత అనుమానం ఉన్నదానివి వేరే కొంప చూసుకో,” అనేసింది.

అమ్మ చూసుకుంది. ఊరి అవతలి కొసన అద్దె ఇల్లు, ఒంటి తలుపు చిన్న ఫ్రిజ్. నాన్నా పెదనాన్నా బజారులో కలుసుకునేవారు. నేను సెలవుల్లో పెద్దమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. అమ్మా పెద్దమ్మా మాత్రం ఒకరి గడప ఒకరు తొక్కలేదు. నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరాను, పెదనాన్న పోయాడు. ఆ నాలుగు రోజులకూ అమ్మ వచ్చింది కానీ, ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చెరో గోడా చూశారు.

ఆ తర్వాత ఒకరోజు నేను పెద్దమ్మ దగ్గరున్నాను. కుడివైపు చల్లబడడం లేదని కొత్త మెకానిక్‌కి చెప్పింది. రేపు వస్తానన్నవాడు, పక్క వీధిలో పని ముందే తెమిలిందని ఆరోజే దిగబడ్డాడు.

“అయ్యో, ఆగు నాయనా, సర్దుకోనీ,” అని పెద్దమ్మ ఎడమ తలుపుకు అడ్డం నిలబడింది.

“సర్దితే నాకేం తెలుస్తుందమ్మా? ఉన్నదున్నట్టు చూడనివ్వండి,” అని అతను ముందు కుడి తలుపు తెరిచాడు. లోపల ఏమీ లేదు. అరలు తళతళలాడుతున్నాయి. “ఇదంతా ఖాళీయే కదా. దీనికి చల్లదనం ఎందుకు?”

“అది నాది కాదు. నీ పని నువ్వు చూడు,” అంది పెద్దమ్మ.

అతను ఎడమ తలుపు తెరిచాడు. పొట్లాల మీదుగా చెయ్యి పోనిచ్చి పై అర వెనక తడిమి, స్టీలు డబ్బా బయటకు లాగాడు. “ఇదిగో, దీని పనే. చలి పుట్టేది ఈ ఎడమ పక్క ఒక్కచోటేనమ్మా. లోపలి ఫ్యాను దాన్ని పైనున్న ఈ కన్నంలోంచి కుడి పక్కకి తోస్తుంది. మీరు కన్నానికి డబ్బా అడ్డం పెట్టారు. ఇంక అటు ఎలా వెళ్తుంది?” మూత తీసి చూశాడు. “ఏంటివి, గుడ్డలా?”

పెద్దమ్మ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచింది. నేను జరిపాను. “అంటే దాని పక్కకి చలి నా పక్కనుంచే వెళ్ళాలా?” అంది. “నా డబ్బాయేనా అడ్డం పడింది?” ఆ డబ్బా ఎవరికోసమో మెకానిక్‌కి తెలియదు. నాకు తెలుసు. అమ్మ ఇల్లు విడిచి వెళ్ళిపోయినా ఆవిడ ఆ గుడ్డలు తడిపి పెట్టడం మానలేదు.

డబ్బాను కింది అరలోకి మార్చింది. మర్నాడు కుడివైపు చెయ్యి పెట్టి చూసి, అమ్మకు ఫోన్ కలపమంది. ఏం మాట్లాడాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని పొద్దుటినుంచీ లోపల్లోపల అనుకుని చూసుకుంది. తీరా అమ్మ గొంతు వినగానే అంతా మర్చిపోయింది. “ఫ్రిజ్ బాగైందే,” అంది. అంతే అనగలిగింది. అవతలి నుంచి ఏం వినబడిందో, ఫోన్ నా చేతికిచ్చి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. “నేనే ఒకరోజు వెళ్ళి అన్నీ చెప్తాను. నువ్వు చెప్పకు,” అంది నాతో. ఈ ఆదివారం, పై ఆదివారం అంటూ రోజులు జరిపింది. మొహం చెల్లలేదు. వానలు పట్టగానే జ్వరం వచ్చింది, ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

పెద్దమ్మను సాగనంపి వచ్చాక, అమ్మ ఇన్నేళ్ళకు ఆ వంటింట్లో అడుగుపెట్టింది. ఫ్రిజ్ ముందు నిలబడి, “ఇంతకీ దీనికేమైందటే?” అని అడిగింది. ఇంక దాచి ఏం లాభం? చెప్పాను.

అమ్మ నన్నొకసారి చూసి, ఎడమ తలుపు తెరిచి, కింది అరలోంచి డబ్బా తీసింది. పైగుడ్డ అంచు గోటితో లేపబోయింది. గట్టిగా గడ్డకట్టి ఉంది, రాలేదు. మూతపెట్టి, మెల్లగా కుడి తలుపు తెరిచి, ఖాళీ అరలో అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

“చల్లగా ఉందే,” అంది. “బాగైందని ఆరోజు ఫోన్ చేసి చెప్పింది. ‘అయితే నాకెందుకు’ అన్నాను నేను.”